బస్తాలో మిగిలినది

వత్సల దేనికోసం దుకాణంలోకి వెళ్తే దానితోనే బయటికి వస్తుందని నాందేడ్‌లోని వాళ్ల చుట్టాలందరికీ తెలుసు. దువ్వెనకు వెళ్తే దువ్వెనే తెస్తుంది, పక్కనున్న రిబ్బన్ల వైపు చూడదు. అలాగని ఆమెను పిసినారి అన్నవాళ్లు లేరు. పెట్టాల్సిన చోట ఆమె చెయ్యి ఎప్పుడూ వెనకాడలేదు. "మనసుకు తాళం వేసుకున్న మనిషి" అనేవాళ్లు. ఆ మాట వినడానికి బాగానే ఉండేది గానీ, తన దగ్గర తాళమేదీ లేదని వత్సలకు తెలుసు. ఉన్నవల్లా కొన్ని పద్ధతులు. ఆకలి మీద కిరాణా కొట్టుకు వెళ్లదు. అద్దం ముందు కొత్త చీరను భుజాన వేసుకోదు. ఒకసారి భుజం మీద పడిన చీర మనసులో అప్పటికే సొంత బీరువాలోకి చేరిపోతుంది. ఆ తర్వాత దాన్ని తీసి ఇచ్చేయాలంటే, ఉన్నదేదో పోగొట్టుకున్నంత బాధగా ఉంటుంది. డిగ్రీలో మనస్తత్వశాస్త్రం ఆమెకు ఒక సబ్జెక్టు. పరీక్షల్లో మంచి మార్కులే వచ్చాయి. ఈ సంగతి మాత్రం వజీరాబాద్ బజారులో తిరిగి తిరిగి తెలుసుకుంది.

అందుకే చుట్టాల్లో ఎవరింట పెళ్లి కుదిరినా బస్తాకు వత్సలను పిలుస్తారు. బస్తా మరాఠీవాళ్ల పద్ధతి. తరాలుగా వాళ్ల మధ్య బతుకుతున్న తెలుగువాళ్లకూ అదే అలవాటైంది. పెళ్లికూతురి చీరలు మొదలుకొని రెండు వైపుల మేనత్తలకూ చిన్నమ్మలకూ పెట్టే చీరల దాకా, ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ కలిసి ఒకే రోజు ఒకే దుకాణంలో కూర్చుని కొంటారు. అంతా అయ్యాక మూటకు పసుపు కుంకుమలు పెడతారు. ఒకసారి కుంకుమ పడితే ఆ బట్ట మళ్లీ దుకాణం అరలోకి పోకూడదు. ఆ సంగతి కొనేవాళ్ల కన్నా అమ్మేవాళ్లకు బాగా గుర్తుంటుంది.

ఈసారి వత్సల అక్క ముత్తెమ్మ కూతురి పెళ్లి. పిల్ల పేరు ప్రాజక్త. పెళ్లికొడుకు నిలేశ్‌ది భోకర్.

బస్తాకు వారం ముందు ప్రాజక్త ఒక్కతే వత్సల ఇంటికి వచ్చింది. వత్సల జొన్నరొట్టెలు చేస్తోంది.

"చిన్నమ్మా, బస్తాకు నువ్వే అస్తున్నవ్ గదా?"

"నేను రాకుంటే మీ అమ్మ చీరలు ఇడిసిపెట్టి దుకాణాన్నే మూట గట్టించుకొని అస్తది."

ప్రాజక్త నవ్వలేదు. గట్టు పక్కన నిలబడి పిండిలో వేలితో గీతలు గీస్తూ అసలు విషయం చెప్పింది. ఆమె ల్యాబ్ కోర్సు చదివి, డాక్టర్ లేన్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తోంది. దాన్ని నడిపే పెద్దాయన ల్యాబు మూసేసి కొడుకు దగ్గరికి పుణె వెళ్లిపోతున్నాడు. పరీక్షలు చేసే మిషను అమ్మకానికి పెట్టాడు. దాన్ని కొనుక్కుంటే భోకర్‌లో సొంతంగా చిన్న ల్యాబు పెట్టుకోవచ్చు.

"వేరేటోళ్లు గూడ అడుగుతున్నరట. శనివారం సాయంత్రం దాకా నా కోసం ఆపుతనన్నడు సారు."

"బస్తా గూడ శనివారమే గదా. మీ నాయన ఏమన్నడు?"

"బస్తాకని పైసలు పక్కకు తీసిండు. అండ్ల ఎంత మిగిలితే అంత నీదే బిడ్డా అన్నడు."

వత్సలకు నవ్వాగలేదు. మారోతి బావ మాట ఇచ్చినట్టే ఇచ్చి, ఇవ్వకుండా తప్పించుకున్నాడు. ముత్తెమ్మ కూర్చున్న బస్తాలో ఏదైనా మిగలడమన్నది ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"నవ్వకు చిన్నమ్మా. మిగుల్తదా?"

"మీ అత్తకు తెలుసా ఈ సంగతి?"

"తెల్వది. పెండ్లి గాకముందే మిషను గిషను అంటే ఏమనుకుంటరో అని చెప్పలే."

"మిగుల్తది, పో," అంది వత్సల, రొట్టె తిప్పినంత తేలిగ్గా. అనుమానం ఆమె గొంతులోనూ లేదు, మనసులోనూ లేదు.

శనివారం పొద్దున వత్సల ముందుగా అక్క ఇంటికి వెళ్లి అందరినీ కడుపునిండా తినమంది.

"వద్దే, దుకాణంల గరం గరం భజ్జీలు పెడ్తరు," అంది ముత్తెమ్మ.

"అందుకే తినమంటున్న. వాళ్ల భజ్జి తిన్నంక వాళ్లకు వద్దని చెప్పనీకె నీకు నోరు రాదు."

మారోతి డబ్బు సంచి తెచ్చి వత్సల చేతికిచ్చాడు. బస్తా ఎవరు నడిపిస్తే సంచి వాళ్ల దగ్గరే ఉంటుంది. "చూస్త మరదలా, ఇయ్యాల నువ్వు గెలుస్తవో మీ అక్క గెలుస్తదో," అని మీసం చాటున నవ్వాడు.

"నీ మీద నేనే గెలుస్త బావా," అంది వత్సల.

దుకాణం పై అంతస్తులో తెల్ల పరుపులు పరిచి, గోడకు బాలీసులు ఆనించి ఉన్నాయి. పెళ్లికొడుకు తల్లి విమలాబాయి అప్పటికే భోకర్ నుంచి వచ్చి ఒక బాలీసుకు ఆనుకుని కూర్చుంది. బొద్దుగా, నెమ్మదిగా ఉండే మనిషి. ఏది అడిగినా "మీ ఇష్టం వదినె" అంటోంది. బస్తాలో ఇంతకన్నా ఖరీదైన మాట ఉండదని వత్సలకు తెలుసు. ఆ మాట విన్నవాళ్లు భయానికి ఒక మెట్టు పైచీరే తీస్తారు.

చీరలు చూపించే కైలాశ్‌కు వత్సల మావశి, మరాఠీలో చిన్నమ్మ. ఆమెను చూడగానే దండం పెట్టాడు. "అయ్యో, మావశి అచ్చిందా! ఇయ్యాల నా బోణీ ఏమైతదో!" అంటూనే, కళ్లు చెదిరే జరీ చీర ఒకటి ముత్తెమ్మ ముందు పరిచాడు.

"కైలాశ్, అది తీసెయ్," అంది వత్సల. "ముందు ఆకాశం చూపెట్టి, తర్వాత అటక చూపెట్టి, అబ్బ ఎంత తక్కువల ఉన్నదో అనిపిస్తవ్. నువ్వు అటక నుంచే మొదలువెట్టు."

"మావశీ, కడుపు మీద కొడుతున్నవ్."

"నీ కడుపు బాగనే ఉంది, చూస్తున్న గదా."

విమలాబాయి కిసుక్కున నవ్వింది. అక్కణ్నుంచి పని సాఫీగా సాగింది. ముత్తెమ్మ మాత్రం తన తీరు మానలేదు. ప్రతి చీరనూ ఒళ్లోకి లాక్కుని, "ఇది ఉండనియ్యే" అంటుంది. వత్సల వద్దనలేదు. ఉండనిమ్మన్నవన్నీ ఒక పక్కకు పేర్పించి, పైన దుప్పటి కప్పించింది. టీ తాగాక అక్కను కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టింది.

"ఇప్పుడు చెప్పు అక్కా. ఆ దుప్పటి కింద ఏమేం ఉన్నయి?"

"ఆఁ... చిలకపచ్చది, ఎర్ర అంచుది. ఇంకోటి కుంకుమ రంగుది, బుట్టలది. ఇంకా... ఇంకా మస్తున్నయి."

"మస్తు అంటే ఏందో చెప్పు."

ముత్తెమ్మ ఎంత గింజుకున్నా మరొకటి గుర్తు రాలేదు. "గుర్తుకు రాని చీర లేకుంటే ఏం తక్కువైతదే?" అని వత్సల మిగతావన్నీ వెనక్కి పంపింది. కైలాశ్ మడతలు పెడుతూ, "గిసొంటి ఐడియాలు ఇంకెవ్వరికి చెప్పకు మావశీ, నీ కాల్మొక్త," అన్నాడు.

ప్రాజక్త చీరలయ్యాయి. నిలేశ్ బట్టలయ్యాయి. ఇక మానపానం చీరలు, అంటే మర్యాద కింద రెండు వైపుల ఆడవాళ్లకూ పెట్టేవి. బస్తాలు చెడిపోయేది ఇక్కడే. అటు మేనత్తకు ఏ పాటి చీర పెడితే ఇటు చిన్నమ్మకూ ఆ పాటిదే పెట్టాలి. ఒక్కరికి మెట్టు పైది పెడితే, ఆ వరసలో ఉన్న అందరికీ పెట్టాల్సిందే. వత్సల అందరికీ ఒకే నేత, ఒకే అంచు, రంగులు మాత్రమే వేరుగా తీయించింది. పక్కపక్కన పెట్టి ఎంత వెతికినా ఎవరిదీ ఎక్కువగా కనిపించదు.

విమలాబాయి ఆ వరస చూసి, "మంచిగ చేసినవ్ వదినె. మా ఇంట్లోళ్లు తగవు వెట్టుకుందామన్నా సందు దొరకదు," అంది.

సంచి ఇంకా బరువుగానే ఉంది. ఎదురుగా కూర్చున్న ప్రాజక్త ముఖం విప్పారింది. ముత్తెమ్మ సైతం చెల్లెలి భుజం తట్టి, "నువ్వు గాక ఇంకెవరైనా అయితే నా తోని గాకపోయేది," అంది. వత్సల మొదటిసారి బాలీసుకు వెనక్కి ఆనుకుంది. మధ్యాహ్నం దాటిపోయింది. పొద్దుటి నుంచి ఎన్నింటికి వద్దని చెప్పిందో లెక్క లేదు. ఒళ్లు అలిసింది, మనసు మాత్రం గాల్లో తేలుతోంది.

అప్పుడు దుకాణం సేఠ్ స్వయంగా మెట్లెక్కి పైకి వచ్చాడు. ఒక చీరను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పెట్టుకుని తెచ్చాడు.

"బహెన్‌జీ, బేచ్‌నే కే లియే నహీ లాయా," అన్నాడు. అమ్మడానికి కాదట. ఇంత నేర్పుగా బస్తా నడిపినవాళ్లను తాను చూడలేదట. బట్ట తెలిసినవాళ్లకు ఒకసారి చూపించాలని తెచ్చాడట.

పైఠణీ, మరాఠీవాళ్ల ఇళ్లలో అన్నిటికన్నా ఖరీదైన పట్టుచీర. పండిన వంకాయ రంగు. కొంగు మీద నెమళ్లు వెనక నుంచి చూసినా ముందు నుంచి చూసినా ఒకేలా ఉన్నాయి. వత్సల పుట్టింది మగ్గం ఉన్న ఇంట్లో. ఆమె చెయ్యి దానంతట అదే నేత కిందికి పోయి పోగు వెతికింది. ఎక్కడా తప్పు లేదు.

"నీ రంగుకు మస్తు నప్పుతది, జర వేసుకొని చూడు మావశీ," అన్నాడు కైలాశ్.

ఎప్పుడు వేసుకుందో ఆమెకే తెలియదు. అద్దంలో ఒకావిడ వంకాయ రంగు చీర భుజాన వేసుకుని కనిపించింది. చాలా బాగుంది ఆవిడ. పొద్దుటి నుంచి చీరలతో తగవు పడుతున్న వత్సలలా లేదు.

"తీసుకోయే!" అంది ముత్తెమ్మ, కళ్లు మెరుస్తుండగా. "నువ్వు మిగిలిచ్చిందే గదా. చిన్నమ్మకు మానపానం కింద నేను పెడ్తున్న, అంతే."

వత్సల వద్దనాలి. "చూద్దాం," అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

ఆ ఒక్క మాటతో, పొద్దుటి నుంచి కట్టిన కట్ట తెగింది. విమలాబాయి ముందుకు జరిగి, పాపం ఏ దురాశా లేకుండా, ఉన్న పద్ధతే చెప్పింది. "అట్లయితే వదినె, మా ఆడబిడ్డలకు గూడ పైఠణీలే పెట్టాల్సి అస్తది. ఇటు చిన్నమ్మకు ఒకటి, అటు మేనత్తలకు ఒకటి అంటే మంచిగుండదు గదా."

"ఎందుకు పెట్టం, పెడ్తం!" అంది ముత్తెమ్మ.

కైలాశ్ అప్పటికే కింది మెట్ల వైపు వంగి కుంకుమ పళ్లెం తెమ్మని కేక వేశాడు.

వత్సల తలలో ఒకదాని వెనక ఒకటి కారణాలు వరస కట్టాయి. ఇన్ని పెళ్లిళ్లకు బస్తాలు నడిపాను, నాకంటూ ఏం తీసుకున్నాను? ఇంత మిగిల్చింది నేనే కదా, ఇందులో నాకు కొంచెం హక్కు లేదా? ఇలాంటి నేత మళ్లీ దొరుకుతుందా? అన్నీ న్యాయంగానే ఉన్నాయి. కానీ అవి మరీ తొందరగా వస్తున్నాయి. పిలవకుండానే ఇంతమంది వకీళ్లు వచ్చి తన పక్కన నిలబడితే కేసు బలహీనంగా ఉన్నట్టేనని ఆమెకు అనిపించింది.

తల తిప్పి చూసింది. అందరూ చీరను చూస్తున్నారు. ప్రాజక్త ఒక్కతే పరుపు మీద పడి ఉన్న డబ్బు సంచిని చూస్తోంది. బస్తాలో పెళ్లికూతురు మాట్లాడదు. అక్కడ పెరిగిన ఏ పిల్లా మాట్లాడదు.

చీర తీసేద్దామని వత్సల చెయ్యి పైకెత్తింది. ఆ చెయ్యి అంచును సవరించి కిందికి దిగింది. అప్పుడామెకు స్పష్టంగా అర్థమైంది. ఇంకొక్క క్షణం ఇక్కడ ఇలాగే కూర్చుంటే ఈ చీరను తాను కొంటుంది. ఎంత గట్టిగా వద్దనుకున్నా కొంటుంది. ఇది తన వల్ల అయ్యే పని కాదు. వింతగా, ఆ సంగతి ఒప్పుకోగానే ఆమెకు మళ్లీ ధైర్యం వచ్చింది. తన వల్ల కానిది ఇంకొకరి వల్ల అవుతుంది.

సంచి తీసి ప్రాజక్త ఒళ్లో పెట్టింది.

"ఇగో, ఇది నీ దగ్గర ఉండనియ్. నేను అడిగినా ఇయ్యకు."

"ఏందే ఇది?" అంది ముత్తెమ్మ.

"నాకు ఈ చీర కావాలె అక్కా. అబద్ధమెందుకు, మస్తు కావాలె. అందుకే పైసలు నా చేతుల ఉండొద్దు." ప్రాజక్త వైపు తిరిగింది. "ఇప్పటి సంది బస్తా నీది. నువ్వే చెప్పు బిడ్డా, ఏం కొనాలె, ఏం కొనద్దు."

మెట్ల మీద కుంకుమ పళ్లెం చప్పుడైంది. ప్రాజక్త రెండు చేతులా సంచిని పట్టుకుంది. ఒకసారి తల్లిని చూసింది, ఒకసారి కాబోయే అత్తను చూసింది.

"కైలాశ్ అన్నా, పళ్లెం ఆపు," అంది. గొంతు సన్నగా వచ్చింది గానీ వచ్చింది. తర్వాత లేచి వత్సల ముందుకు వచ్చి చెయ్యి చాపింది. "చిన్నమ్మా, చీర ఇటియ్యి."

వత్సల ఇవ్వలేదు. తీసుకోనిచ్చింది. పట్టు భుజం మీది నుంచి జారుతుంటే చల్లగా తగిలింది. ప్రాజక్త దాన్ని నలగకుండా సేఠ్ చేతుల్లో పెట్టి, వచ్చి విమలాబాయి ముందు కూర్చుంది.

"అత్తా, ఇండ్ల మిగిలిన పైసలతోని నేను రక్తపరీక్షల మిషను కొంట. భోకర్‌ల ల్యాబ్ పెడ్త. పైఠణీలు కొంటే మిషను రాదు."

విమలాబాయి కాబోయే కోడల్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"మరి పొద్దటి సంది నోట్లె ఏం పెట్టుకున్నవే పోరీ?"

"భయమైంది."

"ఇప్పుడు గాలేదా?"

"ఇప్పుడు గూడ అయితుంది."

విమలాబాయి నవ్వుదామా వద్దా అన్నట్టు చూసి, సూటిగా అడిగింది. "ల్యాబ్ నడుస్తదా? ఉత్తగనే మిషను ఇంట్ల పెట్టుకొని దాని మీద బట్టలు ఆరేసుకునుడేనా?"

"నడుస్తది అత్తా. రోజు పొద్దుగాల పరిగడుపున బస్సెక్కి మా ల్యాబుకు అచ్చేటోళ్లను నేనే చూస్త. సగం మంది మీ భోకర్ దిక్కోళ్లే. సూదితోని రక్తం తీస్తుంటే కండ్లు తిరిగి పడ్తరు, ఆకలికి."

ఆ మాట విమలాబాయికి తగిలింది. "అది నిజమే," అని తల ఊపింది. అంతటితో ఊరుకునే మనిషి కాదు. "గానీ మా పెద్దాడబిడ్డ ఒకతి ఉంది. పందిట్ల మూతి ముడుసుకొని కూసుంటది. అందరి కన్న పెద్దది గనుక ఆమెకొక్కదానికి పెద్దరికం కింద మంచిది పెట్టు. మిగిలినోళ్లను నేను చూసుకుంట."

వత్సల నోటిదాకా వచ్చిన సలహాను మింగేసింది.

ప్రాజక్త ఆలోచించింది. "పెడ్త అత్తా. పైఠణీ మాత్రం గాదు. పట్టు అంచు నారాయణపేట పెడ్త. రంగు మీరే తియ్యుండ్రి."

"మస్తు గట్టిదున్నవే," అంది విమలాబాయి. ఆ అనడంలో సగం ఫిర్యాదు, సగం మురిపెం ఉన్నాయి. బాలీసు వదిలి ముందుకు జరిగి, పొద్దుటి నుంచి మొదటిసారి తన చేత్తో చీరలు తిప్పడం మొదలుపెట్టింది. ఆ నారాయణపేట తీశాకే మూటకు కుంకుమ పడింది.

విమలాబాయిని భోకర్ బస్సెక్కించి, మూటతో సహా ముగ్గురూ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నారు. వత్సలకు ఇంకా ఆ చీర కావాలనే ఉంది. తీసేస్తే పోతుందనుకున్న ఇష్టం పోలేదు. భుజం మీద ఆ బరువు ఇంకా తెలుస్తోంది. బహుశా రేపటికి కొంచెం తగ్గుతుంది, ఎల్లుండికి ఇంకొంచెం. తగ్గకపోయినా ఫరవాలేదు, కావాలన్న కోరికతో కూడా మనిషి ఇంటికి వెళ్లి వంట చేసుకోవచ్చు.

"నాకు ఒక్క ముక్క చెప్పకపోతిరి ఇద్దరు," అని ముత్తెమ్మ దారి పొడుగునా సణిగింది. "నేనేమన్న వద్దంటుంటినా?"

"వద్దనవు అక్కా. మిషనుతో పాటు నాలుగు పైఠణీలు గూడ కొందామంటవు."

"మరి కొంటే ఏమైతదే?" అంది ముత్తెమ్మ, నిజంగానే అర్థం కాక.

ఆటోవాడు ఇంటి దారి పట్టబోతే ప్రాజక్త ముందుకు వంగి, "దాదా, ఆధీ డాక్టర్ లేన్ చలా," అంది. ముందు అక్కడికే.

ల్యాబు సగం ఖాళీ అయి ఉంది. గోడల మీద పటాలు తీసిన చోట్ల తెల్లగా మచ్చలు. పెద్దాయన మిషను మీది గుడ్డ తీసి చూపించాడు. ప్రాజక్త దాన్ని రోజూ వాడుతున్నదే అయినా మొదటిసారి చూస్తున్నట్టు చుట్టూ తిరిగి చూసింది, మీటలు నొక్కింది, ఒక పరీక్ష నడిపి ఫలితం వచ్చేదాకా నిలబడింది. తర్వాత సంచి విప్పి, డబ్బు ఆయన చేతిలో పెట్టింది. సంచిలో ఇంకా కొంత మిగిలింది. అది పెద్దాయన చూశాడు.

ఆయన మూలనున్న పెద్ద తిరుగుడు కుర్చీ చూపించాడు. నల్లని తోలు, ఎత్తైన వీపు. సొంత ల్యాబు పెట్టుకునేవాళ్లకు ఇలాంటి కుర్చీ ఉండాలన్నాడు. మిషనుతో కలిపి తీసుకుంటే సగానికే ఇస్తానన్నాడు.

వత్సల ఒక అడుగు వెనక్కి జరిగింది. సంచి ఇప్పుడు తనది కాదు. ప్రాజక్త కుర్చీనే చూస్తోంది. ఆ చూపు ఎలాంటిదో, ఇందాక అద్దంలో తన ముఖం మీద ఉన్నది ఎలాంటిదో వత్సలకు తెలుసు.

ఈలోగా ముత్తెమ్మ వెళ్లి అందులో కూర్చుని ఒక చుట్టు తిరిగింది. "అబ్బ! ఏమున్నదే ఇది, ఉయ్యాల లెక్క! తీస్కో బిడ్డా."

"ఈ కుర్చీ రేపటి దాకా ఉండదమ్మా," అన్నాడు పెద్దాయన.

ప్రాజక్త సంచి మూతి బిగించి ముడి వేసింది.

"ఉండకుంటే ఉండకపాయె సార్. ఇంట్ల స్టూల్ ఉంది. అమ్మా, లే."

ముత్తెమ్మ ఇంకొక చుట్టు తిరిగి లేచింది.